సబ్జెక్ట్‌గా నువ్వు కూర్చో



సైకాలజీ పీజీ ల్యాబులో పనంతా జంటలుగా జరుగుతుంది. ఒకరు ఎక్స్‌పెరిమెంటర్, ఇంకొకరు సబ్జెక్ట్. ఎక్స్‌పెరిమెంటర్ సూచనలు చదువుతాడు, స్టాప్‌వాచ్ నొక్కుతాడు, తప్పులు లెక్కపెడతాడు. సబ్జెక్ట్ కూర్చుని చెప్పింది చేస్తాడు. ఆ తర్వాత పాత్రలు మారాలి. 2002లో నేను చేరినప్పుడు మొదటి ప్రయోగం మిర్రర్ డ్రాయింగ్. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపాలి. ఇటు పొమ్మంటే చెయ్యి అటు పోతుంది. మనల్ని చూసి మనకే నవ్వొస్తుంది.

నా కుడి కాలికి పోలియో. అప్పుడూ క్యాలిపరే, ఇప్పుడూ క్యాలిపరే. నా జంటగా పడ్డ అబ్బాయి మంచివాడు. "నువ్వెందుకు నిలబడుడు, సబ్జెక్ట్‌గా నువ్వు కూర్చో, మిగతాది నేను చూస్కుంట" అన్నాడు. రెండో వారం ఫింగర్ మేజ్. కళ్లకు గంతలు కట్టుకుని వేలితో దారి వెతకాలి. మళ్లీ అదే మాట. మూడో వారానికి ఇంకో జంటవాళ్లు కూడా వచ్చి, "మా సబ్జెక్ట్ రాలేదు, నువ్వు ఖాళీయే కదా" అన్నారు. సెమిస్టర్ చివర రికార్డులు బైండింగుకు ఇచ్చేటప్పుడు చూసుకుంటే, క్లాసులో సగం మంది రికార్డుల్లో సబ్జెక్ట్ అన్న గడిలో నా పేరే ఉంది. స్టాప్‌వాచ్ మాత్రం ఒక్కసారీ నా చేతికి రాలేదు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఉంటే పోట్లాడి మరిచిపోయేవాణ్ణి.

మాది కీసర. గుట్ట మీది రామలింగేశ్వరుడి వల్ల హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన ఊరే. ఆంజనేయుడు తెచ్చిన లింగాలంటూ గుట్ట నిండా శివలింగాలు కనబడతాయి. శివరాత్రి జాతరకు నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. ఏటా ఎవరో ఒక ముసలమ్మ నా కాలు ముట్టుకుని, "ఏ జన్మల ఏం పాపమో బిడ్డా" అని కళ్లు ఒత్తుకునేది. ఆమె జాలి నాకు కొత్త కాదు. చదువుకున్నవాళ్ల దగ్గర ఇంకో రకం జాలి ఉంటుందని పీజీకి వెళ్లాకే తెలిసింది. అది కళ్లు ఒత్తుకోదు, కుర్చీ వేస్తుంది.

అప్పటికి మెట్రో లేదు. కీసరలో బస్సెక్కి నాగారం, ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ, అక్కడ దిగి ఇంకో బస్సు. ఒక్క వైపే ఇరవై కిలోమీటర్ల పైమాట. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా షిఫ్టు మారే వేళకు బస్సులో కాలు పెట్టే సందుండేది కాదు. వికలాంగులకు అని రాసిన సీట్లో కూర్చున్నాయన నా కాలు చూసి లేచేవాడు. ప్యాంటు కింద క్యాలిపర్ కనబడని రోజున లేచేవాడు కాదు. దాంతో నేను ప్యాంటు కాస్త పైకి మడవడం నేర్చుకున్నాను. అవసరానికి సరిపడా కనబడాలి, అంతకు మించి కనబడకూడదు. ఈ కొలత వికలాంగులందరికీ తెలుసు, ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

ఇక్కడ చిన్న మాట. మమ్మల్ని దివ్యాంగులు అనాలని కొన్నేళ్లుగా వాడుక వచ్చింది. అనేవాళ్ల మనసు మంచిదే. నాకు మాత్రం నా కాల్లో దివ్యమైనదేదీ ఇంతవరకూ కనబడలేదు. ఈ ప్రసంగంలో వికలాంగులు అనే అంటాను.

కాలేజీ పేరు చెప్పను. ల్యాబు పైఅంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. మెట్ల సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే మెట్లు అందరికీ కనబడతాయి. వికలాంగుల కష్టం అనగానే మెట్ల దగ్గరే ఆగిపోతాం. సైకాలజీ చదివే వికలాంగుడికి అసలు చిక్కు మెట్లెక్కాక మొదలవుతుంది. ఈ శాస్త్రం చాలాకాలంగా మా గురించి రాస్తూ వచ్చింది. సర్దుబాటు, న్యూనతాభావం, తల్లిదండ్రుల దుఃఖం అని మా మీద అధ్యాయాలున్నాయి. ఆ అధ్యాయం చెప్పే రోజున మాస్టారి చూపు నా మీద ఆగకుండా ఉండటానికి ఆయన పడ్డ అవస్థ నాకు గుర్తుంది. క్లాసు మొత్తం బోర్డు వైపు మరీ శ్రద్ధగా చూసింది.

ఆ అధ్యాయాలన్నీ పనికిరానివని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల దగ్గర కూర్చుని తమారా డెంబో, బియట్రిస్ రైట్ మొదలైన వాళ్లు అమెరికాలో పని చేశారు. వాళ్ల అధ్యయనం 1956లోనూ, రైట్ సొంత పుస్తకం 1960లోనూ వచ్చాయి. వాళ్లు పట్టుకున్న ఒక విషయానికి స్ప్రెడ్ అని పేరు. పలచటి కాగితం మీద సిరా చుక్క పాకినట్టు, చూసేవాడి మనసులో ఒక్క లోపం మనిషంతా పాకుతుంది. కాలు లేనివాడికి తెలివి కూడా కాస్త తక్కువేమో అనిపిస్తుంది. చూపు లేని అమ్మాయితో గట్టిగా అరిచి మాట్లాడతారు, చెవులు బాగానే ఉన్నా. లోపం ఉన్నవాడి మనసులో కంటే చూసేవాడి మనసులోనే ఎక్కువ పని జరుగుతోందని ఆ రచనలు చెప్పాయి. అవి లైబ్రరీలో దొరికిన రోజు నా బస్సు తప్పిపోయింది.

మన దేశంలో అనీతా ఘాయ్ ఉండేవారు. పోలియో వచ్చిన మనిషి, వీల్‌చైర్ మీదే తిరిగిన సైకాలజిస్టు. ఢిల్లీలో దశాబ్దాలు పాఠాలు చెప్పారు. వైకల్యాన్ని ఒక ఒంటి లోపంగా కాక సమాజం చూసే చూపుగా చదవాలని, ముఖ్యంగా వికలాంగురాలైన స్త్రీ విషయంలో ఇది రెండింతలని రాశారు. 2015లో వచ్చిన రీథింకింగ్ డిజెబిలిటీ ఇన్ ఇండియా ఆమెదే. 2024 డిసెంబర్‌లో పోయారు. నేను పీజీలో ఉండగా ఆమె పేరు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సరే, అసలు చెప్పదలచిన సంగతికి వస్తాను. వికలాంగ విద్యార్థి ఏదైనా మార్పు అడిగితే, ఎక్కువ టైమో, తన బదులు రాసిపెట్టే స్క్రైబో, ప్రయోగం చేసే పద్ధతిలో తేడానో, వచ్చే మొదటి జవాబు, "అట్లయితే మిగతావాళ్లకు అన్యాయం కదా?" ఈ మాట ఫిజిక్సు మాస్టారు అంటే అర్థం చేసుకోవచ్చు. సైకాలజీ మాస్టారు అంటే నాకు ఆశ్చర్యం. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు ఆయన చెప్పే పాఠంలోనే ఉంది. మొదటి సెమిస్టర్‌లో వ్యాలిడిటీ చెప్తారు, తెలుగు పుస్తకాల్లో సప్రమాణత అంటారు. పరీక్ష దేన్ని కొలుస్తానంటోందో దాన్నే కొలుస్తోందా, లేక దారిలో ఇంకేదైనా కొలుస్తోందా అని. ఆ వెంటనే స్పీడ్ టెస్ట్ వేరు, పవర్ టెస్ట్ వేరు అని చెప్తారు. స్పీడ్ టెస్ట్‌లో ప్రశ్నలు తేలిక, టైమే అసలు పరీక్ష. పవర్ టెస్ట్‌లో ఎంత లోతుగా వెళ్లగలవన్నదే పరీక్ష, టైము ముఖ్యం కాదు. ఫ్రాయిడ్‌కూ యూంగ్‌కూ తేడా రాయమన్న మూడు గంటల పేపరు ఈ రెంట్లో ఏది? పవర్ టెస్టే కదా. అలాంటప్పుడు వేళ్లు సరిగా వంగని పిల్లవాడి దగ్గర అది కొలుస్తున్నది ఫ్రాయిడ్‌ను కాదు, వేళ్లను. అతనికి గంట ఎక్కువిస్తే పరీక్ష వదులవదు, సరవుతుంది.

ఇది అమెరికా నుంచి తెచ్చుకోవాల్సిన తెలివి కూడా కాదు. 1955లో సి. ఎం. భాటియా మన దేశం కోసం తెలివితేటల పరీక్షల సెట్టు తయారుచేశాడు. సైకాలజీ చదివినవాళ్లు భాటియా బ్యాటరీ అనగానే ఆ చెక్క ముక్కలు గుర్తుచేసుకుంటారు. కాగితం, కలం పరీక్ష పెడితే చదువురాని రైతు దగ్గర కొలిచేది తెలివిని కాదు, బడికి వెళ్లాడా లేదా అన్నదాన్ని. అందుకని ఆయన చేత్తో చేసే పనులు పెట్టాడు. జ్ఞాపకశక్తి భాగంలో చదువుకున్నవాళ్లకు అంకెలు, చదువురానివాళ్లకు శబ్దాలు. కొలిచేది అదే, కొలిచే దారి వేరు. ఆ పెట్టె దాదాపు ప్రతి డిపార్ట్‌మెంట్ బీరువాలోనూ ఉంటుంది. ఆ బీరువా పక్కనే నిలబడి, "స్క్రైబ్‌ను ఎట్లా ఇస్తం" అంటారు.

ఇక వికలాంగుల చట్టం సంగతి. నేను చేరినప్పుడు 1995 చట్టం ఉండేది. ఏడు రకాల వైకల్యాలు, చదువుల్లో 3 శాతం సీట్లు. ఇప్పుడున్నది 2016 చట్టం. 21 రకాలు, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు. ఉస్మానియా నిర్వహించే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసేవాళ్లు ఈ కోటా కోసం వైకల్య సర్టిఫికెట్ ముందే చేతిలో పెట్టుకోవాలి. మన ఊళ్లలో సదరం అంటాం, ఇప్పుడు యూడీఐడీ కార్డు అంటున్నారు. కౌన్సెలింగ్ వారంలో దానికోసం పరుగెత్తితే దొరకదు. రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మూడు గంటల పేపరుకు గంట. స్క్రైబ్ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ ప్రతిసారీ కొత్తగా చదవాలి.

వైకల్యం 40 శాతానికి చేరనివాళ్ల మాటేమిటి? చెయ్యి పట్టేసి రాత సాగని ఒక డాక్టరు సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగితే ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసుగా తీర్పు వచ్చింది: 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనకూడదని. సీటు కోటాకు శాతం కావాలి, పరీక్ష రాసే వసతికి అవసరం చూడాలి. ఈ రెండూ వేరన్న సంగతి చాలా ఆఫీసు కౌంటర్లకు ఇంకా చేరలేదు. తీర్పు ప్రింటు తీసుకెళ్లండి.

ఇంకొకటి మన పక్కనే జరిగింది. కీసర నుంచి ఔటర్ రింగురోడ్డు మీద కాసేపట్లో శామీర్‌పేట వస్తుంది. అక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయన కేంద్రం ఉంది. చూపు లేని రాజీవ్ రతూరీ, బహిరంగ స్థలాలు మాకూ అందుబాటులో ఉండాలని 2005లో వేసిన పిటిషన్ ఏళ్ల తరబడి నడిచింది. అమలెలా ఉందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు ఈ కేంద్రాన్నే అడిగింది. వాళ్ల నివేదిక ఆధారంగా 2024 నవంబర్‌లో తీర్పు వచ్చింది. ర్యాంపూ లిఫ్టూ సలహాగా ఉంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలుగా ఉండాలని. నా ల్యాబు మెట్లకు అది ఇరవై రెండేళ్లు ఆలస్యం. అయినా సంతోషమే.

ఇప్పుడు మా వీధి అమ్మాయి గురించి చెప్పాలి. పేరు చెప్పనని మాటిచ్చాను. చూపు బాగా తక్కువ, వెలుతురు తెలుస్తుంది, మనుషుల ఆకారాలు తెలుస్తాయి, అక్షరాలు తెలియవు. సైకాలజీ పీజీ చేస్తోంది. ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో. 2017 నవంబర్‌లో ఆ లైను వచ్చాకే ఇంట్లో ఒప్పుకున్నారు. కాలికి తగిలే పసుపు పలకలు, స్టేషన్ల పేర్లు చదివే గొంతు. ఉప్పల్ రింగురోడ్డు దాటడమే ఆమెకు పెద్ద గండంగా ఉండేది. 2023లో స్కైవాక్ తెరిచాక లిఫ్టులో పైకెళ్లి తిన్నగా స్టేషన్‌లోకి వెళ్తోంది. "అంకుల్, మెట్రో దిగినంక కాలేజీ గేటు దాక ఉన్న ఫుట్‌పాతే నా అసలు ఎంట్రెన్స్ టెస్ట్" అంటుంది.

చదువుకు ఆమె వాడేది ఎన్‌వీడీఏ. 2006లో చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు మొదలుపెట్టి ఊరికే ఇస్తున్న సాఫ్ట్‌వేర్. తెరమీది మాటల్ని చదివి వినిపిస్తుంది. ఆ వేగం వింటే మనకు తల తిరుగుతుంది, ఆమెకు అది మామూలు. అయితే స్కాన్ చేసిన నోట్సు దానికి బొమ్మే, అక్షరాలు కాదు. సీనియర్లు వాట్సాప్‌లో పంపే జెరాక్సు ఫోటోల ముందు అది మూగబోతుంది. పుస్తకాన్ని చూపు లేనివాళ్లు చదివే రూపంలోకి మార్చుకోవచ్చని 2012 కాపీరైట్ సవరణ ఒప్పుకుంది. 2016లో సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. పీజీ స్థాయి సైకాలజీ పుస్తకం కావలసినప్పుడు మాత్రం ఇంట్లో తమ్ముడే స్కాన్ చేస్తాడు, పేజీకి ఇంతని లంచం తీసుకుని. స్టాటిస్టిక్స్‌లో గ్రాఫులు ఇంకో తలనొప్పి. నార్మల్ కర్వ్‌ను వాళ్లమ్మ అట్టముక్క మీద ఊలు దారం అంటించి చేసిపెట్టింది. గంట ఆకారం అని పుస్తకాలు అంటాయి కదా, ఆవిడ మాత్రం, "ఇది మన కీసర గుట్ట లెక్కనే ఉంది" అందట.

స్క్రైబ్ కథలు ఆమె చెప్తే నవ్వకుండా ఉండలేం. నిబంధన ప్రకారం స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవాళ్ల కంటే తక్కువుండాలి, కాబట్టి సబ్జెక్టు తెలియని పిల్లలొస్తారు. ఐసెంక్ అనే సైకాలజిస్టు పేరు చెప్తే ఐస్ అని మొదలుపెడతారు. ఫ్లో గురించి చెప్పిన చీక్‌సెంట్‌మిహాయి పేరు స్పెల్లింగ్ చెప్పేసరికి రెండు మార్కుల టైము పోయింది. ఇప్పుడు తనే జాగ్రత్తపడుతోంది. పరీక్షకు వారం ముందు స్క్రైబ్‌ను కూర్చోబెట్టుకుని యాభై మాటలు డిక్టేషన్ ఇస్తుంది. డిపార్ట్‌మెంట్‌కు ఏం కావాలన్నా సెమిస్టర్ మొదటి వారంలోనే కాగితం మీద రాసి ఇస్తుంది, ఒక కాపీ మీద సంతకం పెట్టించుకుంటుంది. నోటితో అడిగితే దయ, కాగితంతో అడిగితే ఫైలు. ఇది నేను నేర్పిందే. నేను చదువుకున్న రోజుల్లో నాకు నేర్పినవాళ్లు లేరు.

కనబడని వైకల్యం ఉన్నవాళ్ల దారి వేరు. 2016 చట్టం జాబితాలో మానసిక అనారోగ్యమూ ఉంది, లెర్నింగ్ డిజెబిలిటీలూ ఉన్నాయి. డిప్రెషన్‌కో బైపోలార్‌కో మందులు వాడుతూ సైకాలజీ చదివే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల భయం ఒకటే: తెలిస్తే నన్ను డిపార్ట్‌మెంటే కేసుగా చూస్తుంది. ఆ భయం తప్పని నేను చెప్పలేను. కే జేమిసన్ అప్పటికే పేరున్న ప్రొఫెసర్, 1995లోనే తన బైపోలార్ గురించి పుస్తకం రాసింది. మార్షా లైన్‌హన్, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం పెద్ద చికిత్సా పద్ధతినే కట్టిన మనిషి, పదిహేడేళ్ల వయసులో తానూ అలాంటి ఆస్పత్రిలోనే ఉన్నానని 2011లోగానీ బయటపెట్టలేదు. అంత ఎత్తుకు చేరాకే వాళ్లు చెప్పగలిగారు. ఇరవై రెండేళ్ల మన పిల్లల్ని మొదటి రోజే చెప్పెయ్యమనడం న్యాయం కాదు. వసతి అడగడానికి కథంతా విప్పనక్కర్లేదు. డాక్టరు కాగితం, కావలసిన మార్పు, చాలు. మనసు విప్పడానికి మాత్రం ఒక్క మనిషిని చూసుకొమ్మంటాను, గైడ్ అయినా సరే, సీనియర్ అయినా సరే.

పీజీ తర్వాత క్లినికల్ వైపు వెళ్లాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు కావాలి. ఆ కౌన్సిల్‌కు 1992 చట్టం చట్టబద్ధత ఇచ్చింది. పేరులోనే పునరావాసం ఉంది, ఎవరి పునరావాసమో చెప్పనక్కర్లేదు. మన బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధోవైకల్య జాతీయ సంస్థలో రిహాబిలిటేషన్ సైకాలజీ చెప్తారు. ఆ ఆవరణలోకి వికలాంగులు వేలమంది వచ్చి ఉంటారు, చికిత్స కోసం. పుస్తకాల సంచీతో వచ్చినవాళ్లు ఎందరో నేను తరచూ ఆలోచిస్తుంటాను. పీహెచ్‌డీ చేసేవాళ్లకు యూజీసీ 2022 నిబంధనల్లో వికలాంగులకు రెండేళ్ల అదనపు గడువు ఉంది. అది అడిగి తీసుకోవాలి.

నా ఫైనల్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక ప్రశ్న అడిగారు. "రేపు క్లయింట్ నిన్ను చూసి, ఇతనికే ఇట్లుంది, నాకేం చెప్తాడు అనుకోడా?" నాకు జవాబు రాలేదు. మార్కులు పోయాయి. ఇప్పుడు నాచారంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ చేస్తున్నాను. పదిహేనేళ్ల అనుభవం మీద ఆయనకు జవాబు చెప్పగలను. చూస్తారు సార్. రెండు నిమిషాలు చూస్తారు. మూడో నిమిషంలో ఒకామెకు వాళ్ల అత్త సంగతే ముఖ్యం, ఒకాయనకు ఈఎంఐ సంగతే ముఖ్యం. నా కాలు గురించి ఆలోచించేంత తీరిక ఎవరికీ ఉండదు. ఫ్యాక్టరీ మిషన్లో రెండు వేళ్లు పోయిన ఒకాయన మాత్రం నిజంగానే ఆ మాట అన్నాడు, "మీకే ఇట్లున్నది, నాకేం చెప్తరు సార్" అని. "చెప్పను, మీరే చెప్పండి" అన్నాను. ఆ రోజు గంటన్నర మాట్లాడాడు.

కిందటి ఆదివారం మా వీధి అమ్మాయి మా ఇంటికి ఒక అట్ట పట్టుకొచ్చింది. మ్యూలర్-లయర్ భ్రమ, 1889 నాటి పాత ప్రయోగం. సమానమైన రెండు గీతలు. చివర ఉన్న రెక్కగీతలు లోపలికి తిరిగితే పొట్టిగా, బయటికి తిరిగితే పొడుగ్గా కనబడతాయి. ల్యాబులో దీన్ని కంటితో చేయిస్తారు, పరికరం వెనక మిల్లీమీటర్ల స్కేలు చదవాలి. ఆ స్కేలు ఆమె చదవలేదు. మొదటి సెమిస్టర్‌లో ఆమెకూ అదే మాట వినిపించిందట, సబ్జెక్ట్‌గా నువ్వు కూర్చో అని. సబ్జెక్ట్‌గా కూడా ఆమె ఆ ప్రయోగానికి పనికిరాదని ఒక నిమిషం తర్వాత వాళ్లకే తట్టిందట. వేళ్లతో తడిమినా ఈ భ్రమ కలుగుతుందని, పుట్టుకతో చూపు లేనివాళ్లకూ కలుగుతుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. ఆమె అది చదివి, అగ్గిపుల్లలు, దారం అంటించి తడిమే పలక చేసుకుంది. స్కేలు మీద మిల్లీమీటర్లకు చిన్న గాట్లు పెట్టుకుంది. క్లాసులో పదిమందికి గంతలు కట్టి చేయించింది. పదకొండో మనిషి కావాలి.

"అంకుల్, మీరు సబ్జెక్ట్" అంది.

కూర్చున్నాను. గంతలు కట్టింది. సూచనలు చదివింది, చూడకుండా, కంఠస్థంగా. నా వేలు పట్టుకుని పుల్ల మీద పెట్టింది. ఫోన్లో స్టాప్‌వాచ్ టిక్కుమంది. సమానం అనుకున్నచోట ఆపాను. ఆమె వేలితో గాట్లు లెక్కపెట్టింది, తప్పు పెద్దదే వచ్చినట్టుంది, చిన్నగా నవ్వింది.

రికార్డులో రాయమని తమ్ముడికి చెప్తుంటే విన్నాను. సబ్జెక్ట్ నంబర్ 11. పురుషుడు. వయసు 44. కుడిచేతి వాటం. ప్రత్యేక విషయాలు అన్న గడి దగ్గర తమ్ముడు ఆగి, నా కాలి వైపు చూసి, "ఇక్కడ ఏం రాయాలక్కా?" అన్నాడు.

"ఏం లేవు. గీత పెట్టు" అంది.